చెవి గాట్లు

మా కొండల్లో నా మాట నమ్మేవాళ్ళు లేరు. అందుకు నేను నొచ్చుకునేదేమీ లేదు, కష్టపడి సంపాదించుకున్న పేరది. ఒక ఏడు మంచు ఎంత పడిందంటే మా పొట్టేలు ఇంటి కప్పు మీద నడుస్తుంటే దాని కాలు గడ్డిలోంచి కిందకి దిగిందనీ, మా ఆవిడ ఆ గిట్టని సంకటి కుండలోంచి తీసి, కడిగి, మళ్ళీ పైకి తోసిందనీ జొన్నకల్లు కుండ చుట్టూ కూర్చోబెట్టి చెప్పినవాణ్ణి నేనే. పెళ్ళికి పోయినా చావుకి పోయినా "మొకెతే వచ్చాడు, ఇక మీ ఇష్టం" అనేవాళ్ళు. అని వాళ్ళే దగ్గరికి జరిగి కూర్చునేవాళ్ళు.

మా తమ్ముడు లెఫా నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. వాన పడుతోందా అని అడిగితే లేచి బయటికి వెళ్ళి చెయ్యి చాపి చూసి వచ్చి చెప్పేవాడు. ఒక కడుపున పుట్టిన ఇద్దరికి దేవుడు నిజాలన్నీ ఒకడికీ అబద్ధాలన్నీ ఇంకొకడికీ పంచాడని మా మేనమామ అంటుండేవాడు.

మా దొడ్డిలో ఉన్న గొర్రెలు మావి కావు. నది అవతల ఉండే మాతుమేలో పెద్దమ్మవి. ఆమె భర్త బంగారు గనుల్లో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్మూ, ఊరి నిండా గొర్రెలూ సంపాదించి పోయాడు. మందని మేపుకోలేనివాళ్ళు మేపగలిగినవాళ్ళకి పాలికి అప్పగిస్తారు, మా వైపు దాన్ని మఫిసా అంటారు. ఉన్నిలో సగం మేపినవాడిది, యజమానికి బుద్ధి పుడితే ఎప్పుడన్నా ఒక పిల్ల. గొర్రె మాత్రం యజమానిదే. చచ్చినా యజమానిదే. చచ్చిపోతే తోలు ఒలిచి, చెవులు తోలుకే ఉంచి, తీసుకెళ్ళి ఆమె ముందు పరవాలి. పెద్దమ్మ ఇంటి గాటు ఎడమ చెవి కొసన చీలిక, కుడి చెవి కింద అర్ధచంద్రం. ఆ గాట్లు వేలితో తడిమి చూసుకున్నాకే చావు చావవుతుంది. తోలు రాని చావును మా వాళ్ళు చావనరు, అమ్ముకున్నాడంటారు, లేకపోతే తినేశాడంటారు.

ఆ ఏడు ఉన్ని కత్తిరించేటప్పుడు పెద్దమ్మ వచ్చి రాతి మీద కూర్చుని చెప్పింది.

"మా చెల్లెలి కొడుకు పట్నం నుంచి మూడుసార్లు మనిషిని పంపాడురా. కొండ మీద కట్టుకథలు చెప్పేవాడి చేతిలో నీ ఆస్తంతా పెట్టావేంటి అంటున్నాడు. ఒక్క గొర్రెకి లెక్క తేలకపోయినా మంద మొత్తం లారీ ఎక్కించేస్తానన్నాడు. అప్పుడు నన్ను అడ్డం పడమంటే నా వల్ల కాదు."

"నేను కట్టుకథలు మనుషులకే చెప్తాను పెద్దమ్మా. గొర్రెలకి చెప్పను," అన్నాను.

ఆమె నవ్వలేదు. లెఫా వైపు చూసింది. లెఫా తల ఊపాడు. ఆమెకి అది చాలు.

ఆ మంద పోతే మా ఇంట్లో ఏముండేదో చెప్పడం తేలిక. మా ఆవిడ మాపులే, నేను, తమ్ముడు, నాలుగు గోడలు. చలికాలానికి పిండీ, దీపానికి నూనే, వంటి మీద కంబళీ అన్నీ ఆ వీపుల మీంచి రావాల్సినవే.

ఆ ఏడు వానలు పడాల్సిన నెలల్లో ఎండలు కాశాయి. మాకు నడి వానాకాలమైన జనవరి వచ్చేసరికి కొండ మీద గడ్డి దువ్వెన పెట్టి దువ్వినా దొరకనంత పొట్టిదైపోయింది. తర్వాత ఒక్క వాన పడింది. పచ్చటి మొలక నేల మీద గడ్డంలా లేచింది. మంద దాని మీద పడి తింటోంది. లెఫా ఒక గొర్రె మూతి పట్టుకుని పెదవి తిప్పి నాకు చూపించాడు. పళ్ళ సందున మట్టి.

"వేళ్ళతో సహా లాగేస్తున్నాయన్నా. మట్టి తింటున్నాయి."

"ఉప్పు తక్కువై ఉంటుంది."

"ఉప్పు పెట్టాను. నట్టల మందూ పట్టించాను. గిట్టలు గీశాను. ఇవి ఆకలికి మట్టి తింటున్నాయి."

వాడు ఆ పూట మందని ఏటవాలు వైపు మళ్ళించాడు, అక్కడ గడ్డి ముదురుగా ఉంటుందని. కానీ అప్పటికే వారం నుంచి అవి పల్లంలోనే మేస్తున్నాయి.

మొదటిది తెల్లవారి దొడ్డి తడిక తీసేసరికి పడి ఉంది. మంచి వయసులో ఉన్న గొర్రె, సాయంత్రం నెమరేస్తూ కనబడిందే. కడుపు ఉబ్బి, కాళ్ళు కొయ్యల్లా చాపుకుని ఉంది. లెఫా కత్తి తీశాడు. తోలు ఒలవాలి కదా. నేను వంగి చూశాను. ముక్కులోంచి రక్తం కారుతోంది, నల్లగా, తారులా, గడ్డ కట్టకుండా.

"ఆగు," అన్నాను.

"ఎందుకు?"

"లేతమేత మేసి టక్కున పోయే చిటుక రోగం కాదిది. కత్తి లోపల పెట్టు."

వాడు నా ముఖం వంక చూశాడు. నేను ఆటలాడుతున్నానా అని చూస్తున్నాడని నాకు తెలుసు. తర్వాత కత్తి మడిచి పెట్టేశాడు.

పశువుల కాంపౌండరు సెఖోబో కబురందుకుని పొద్దెక్కాక గుర్రం మీద వచ్చాడు. అప్పటికి ఇంకొకటి పడింది. ఆయన చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, చచ్చిన గొర్రె చెవి కొసన సూదితో గుచ్చి, ఒక చుక్క గాజు ముక్క మీద తీసుకున్నాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పరీక్షకి పంపుతాను కానీ, నాకు సందేహం లేదు. దొమ్మ, ఆంత్రాక్స్," అన్నాడు. "కొయ్యొద్దు. తోలు తియ్యొద్దు. తినొద్దు. గాలి తగిలితే ఆ రక్తంలో విత్తనాలు పుడతాయి, అవి మట్టిలో మీ మనవళ్ళ కాలం దాకా ఉంటాయి. నిలువెత్తు గుంత తవ్వండి, ఎలా ఉన్నదాన్ని అలాగే తోసి, సున్నం పోసి, రాళ్ళు పేర్చండి. మిగిలినవాటికి ఇప్పుడే సూదులేస్తాను. నేను మళ్ళీ వచ్చి చెప్పేదాకా ఈ దొడ్డిలోది ఒక్కటి కూడా పల్లంలో మెయ్యకూడదు, ఈ కొండ దాటి పోకూడదు, ఒక్కదాని మెడ మీద కూడా కత్తి పడకూడదు."

"తోలు తియ్యకపోతే ఎలా అయ్యా? ఇవి మఫిసా గొర్రెలు," అన్నాడు లెఫా.

"తోలు తీస్తే నీ తోలు పోతుంది. మనుషులకీ వస్తుందిది."

"యజమానికి ఏం చూపించాలి?"

"ఆవిడకి నేను చెప్తానులే," అని సెఖోబో గుర్రం ఎక్కాడు. చెప్పడనే అనుకున్నాను. అవతలి కొండ మీద మందల్లో కూడా అదే రోగమట, ఆయన అక్కడికి వెళ్ళాల్సిన తొందరలో ఉన్నాడు.

గుంత తవ్వడం మాకు రెండు రోజులు పట్టింది. నేల రాయి. లెఫా గునపంతో రాళ్ళు పెళ్ళగించి చేతులతో లాగేవాడు. వాడి వేళ్ళ కణుపుల మీద తోలంతా చెక్కుకుపోయింది. నేను రెండు మూడుసార్లు కిందకి వెళ్ళి సున్నం బస్తాలు గాడిద మీద మోయించుకొచ్చాను. ఈలోగా ఇంకా కొన్ని పడ్డాయి. ఒక్కొక్కదాన్ని కాళ్ళు కట్టి దుంగ మీద దొర్లించి గుంతలోకి తోశాం. సూదులు పని చెయ్యడానికి టైము పడుతుందన్నారు, ఆ టైములో పోయేవి పోతూనే ఉన్నాయి. నాకు ఆ రోజుల్లో నోట్లో నాలుక ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

రెండో రోజు సాయంత్రం సంకటి ముందు కూర్చుని మా ఆవిడే కదిలించింది.

"పెద్దమ్మకి ఎవరు చెప్తారు?"

"నేను వెళ్తాను," అన్నాను.

"నువ్వా? నువ్వు వెళ్ళి, గొర్రెలన్నీ ఒక్కసారి చచ్చినయ్, తోలు తియ్యొద్దన్నారు, గుంతలో కప్పెట్టేశాం అంటావు. ఆవిడ ఏమంటుంది? ఆ గుంత ఏ కసాయివాడి కడుపులో ఉందిరా అంటుంది."

"నిజమే చెప్తాను కదే."

"నువ్వు నిజం చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుందయ్యా. నీ అబద్ధాలకైతే కాస్త అందమన్నా ఉంటుంది."

లెఫా ఆకుకూర ముద్ద మింగి చెయ్యి కడుక్కున్నాడు. "నేను వెళ్ళొస్తా," అన్నాడు.

మర్నాడు వాడు వెళ్ళాడు. పొద్దు వాలేసరికి తిరిగి వచ్చాడు. కంబళి విప్పి గోడకి తగిలించి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ చెప్పాడు.

"మంద మన దగ్గరే ఉంచమంది."

మా ఆవిడ కడుగుతున్న కుండ కింద పెట్టేసింది. "నమ్మిందా?"

"నమ్మింది. చెవులు చూసుకుంది."

"చెవులేంటి?" అన్నాను.

"తోలు తియ్యలేదన్నా. కొయ్యలేదు. చెవులు మాత్రం తీసుకెళ్ళాను. నువ్వు సున్నానికి వెళ్ళినప్పుడు, గుంతలోకి తోసే ముందు. గాట్లు కనబడాలి కదా."

"లెఫా."

"కాంపౌండరు కూడా చెవే కదా గుచ్చాడు. గుచ్చి జేబులో పెట్టుకున్నాడు. చెవుల గురించి ఆయనేమీ అనలేదు."

ఆయన వేసుకున్న తొడుగుల సంగతి వాడికి తట్టలేదు. నాకూ అప్పుడే తట్టింది. మా ఆవిడ లేచి వేడినీళ్ళు పెట్టి, సబ్బూ బూడిదా ఇచ్చి వాడి చేతులు మోచేతుల దాకా కడిగించింది. కత్తిని మంటలో పెట్టాం, వాడి కంబళిని ఉడకబెట్టి ఆరేశాం. సెఖోబోకి కబురు పెడితే పెద్దమ్మ ఇంటికి మనిషిని పంపి ఆ చెవుల మూటని గుడ్డతో సహా కాల్పించాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

వాడి చూపుడువేలి కణుపు మీద ఒక పొక్కు లేచింది. ఏదో పురుగు కుట్టినట్టు ఉంది. దురదన్నాడు. తర్వాత అది పగిలి మధ్యలో నల్లగా బొగ్గుముక్కలా పక్కు కట్టింది. చుట్టూ వాపు.

"నెప్పిగా ఉందా?" అని అడిగితే గోటితో నొక్కి చూసుకుని చెప్పాడు.

"అస్సలు లేదన్నా. వేరేవాళ్ళ వేలు నొక్కినట్టుంది."

మర్నాటికి వాపు మోచెయ్యి దాటింది. చలి, జ్వరం. గుర్రానికి జీను కట్టాను. ఆస్పత్రి నది అవతల ఉంది. నెలల తరబడి రాని వానలన్నీ ఆ రెండు రోజుల్లోనే వచ్చాయి. మేం రేవు దగ్గరికి వెళ్ళేసరికి నది ఎర్రగా, మనిషి ఎత్తున దొర్లుకుంటూ పోతోంది. దాటడానికి లేదు. ఒడ్డున రాతి చూరు కింద వాణ్ణి పడుకోబెట్టి నా కంబళి కప్పాను. అవతలి ఒడ్డున మనుషులు నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ళు చెయ్యగలిగిందీ ఏం లేదు.

"ఏదన్నా చెప్పన్నా," అన్నాడు లెఫా.

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. కప్పులోంచి గిట్ట దిగింది చూడు, అలాంటిది."

ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. చివరికి మంద సంగతి చెప్పాను. సూదులు పట్టాయి, నిన్న ఒక్కటి కూడా పడలేదు. తెల్లమూతిది మళ్ళీ మేత ముడుతోంది. వంకర కొమ్ముల పొట్టేలు కుంటడం మానేసింది. ఏటవాలు మీద గడ్డి చీలమండ ఎత్తుకి వచ్చింది, మట్టి తినాల్సిన అవసరం లేదిక.

వాడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది నమ్మొచ్చు," అన్నాడు.

మర్నాడు నీరు తీసింది. వాణ్ణి జీనుకి కట్టేసి, గుర్రం తోక పట్టుకుని నేను నది దాటాను. ఆస్పత్రిలో నర్సు చెయ్యి చూసి ఏమీ అడగకుండానే సూది వేసింది. నన్ను బయట కూర్చోమంది. కూర్చున్నాను. మూడోనాడు బయటికి వచ్చి నాతో మాట్లాడింది. నేను వింటున్నానా లేదా అని ఆమె రెండుసార్లు అడిగింది. వింటున్నానని చెప్పాను.

వాణ్ణి గుడ్డల్లో చుట్టి, కట్టి, విప్పకూడదని చెప్పి ఇచ్చారు. స్నానం లేదు. ముఖం చూసేదీ లేదు. మేం తల గొరిగించుకుని, ఇంటి వెనక గోయి తీశాం.

మావాళ్ళలో మగవాడు పోతే ఒంటరిగా పంపరు. వాడి సొంత దొడ్డిలోంచి ఒక పశువుని ఆ ఇంటి నేల మీద కొయ్యాలి. అది వాడితో పోతుంది. పక్కింటి పశువు పనికిరాదు, కొని తెచ్చిందీ పనికిరాదు. చుట్టాలు వచ్చారు, కూర్చున్నారు, పొయ్యి మీద గుగ్గిళ్ళూ చిక్కుళ్ళూ ఉడకడం చూశారు. మా మేనమామ రంత్సో కంబళి సర్దుకుని నన్ను పిలిచాడు.

"వాడితో దేన్ని పంపుతున్నారు?"

"దేన్నీ పంపట్లేదు మావయ్యా. దొడ్డిలోది కొయ్యకూడదన్నారు."

"ఎవరు?"

"కాంపౌండరు."

"ఎవరికి చెప్పాడు?"

"నాకూ లెఫాకీ."

"అంటే ఇప్పుడు నీకొక్కడికే," అన్నాడు మావయ్య. జనం మీదుగా ఒకసారి చూశాడు. ఎవరో దగ్గారు. "చూడరా మొకెతే. మీ ఇంటి కప్పు మీద నడిచిన పొట్టేలు సంగతి విని నేనూ నవ్వాను. ఇది వేరు. మా అక్క కొడుకు చీకట్లో ఒక్కడే నడిచి పోవాలా? ఆ దొడ్డిలో వాడి చేతుల్లో పుట్టిన గొర్రెలు ఉన్నయ్. ఒకటి పట్టుకురా. కోసేది నేను. రోగమొస్తే నాకే వస్తుందిలే."

"తీసుకురాను మావయ్యా."

"నేనే తెచ్చుకుంటా." ఆయన లేచాడు. నడుముకున్న కత్తి ఒరలోంచి తీశాడు. ఇద్దరు ముగ్గురు ఆయన వెనక లేచారు. నేను వెళ్ళి దొడ్డి తడికకి అడ్డం నిలబడ్డాను. ముసలివాడు నన్ను తోశాడు. నేను కదల్లేదు. ఆయన మళ్ళీ తోశాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నా కళ్ళలోంచి ఏమీ రాలేదు.

ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి మాతుమేలో పెద్దమ్మ లేచి వచ్చింది. పొద్దున్నే నది దాటి, కర్ర పోటేసుకుంటూ కొండెక్కి వచ్చి, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది.

"కూర్చో రంత్సో."

"అమ్మా, నీకు తెలియదు."

"అవి నా గొర్రెలు. కొయ్యకూడదని మొకెతే చెప్పాడు కదా."

"మొకెతే చెప్పాడనే కదమ్మా మా..."

"ఆఁ. మొకెతే చెప్పాడు," అందామె. "ఇక కూర్చో."

మావయ్య కత్తి ఒరలో పెట్టుకుని, తడిక పక్కనే కింద కూర్చుండిపోయాడు. లెఫాని గోతిలోకి దించి మట్టి కప్పాం. అందరూ గుగ్గిళ్ళు తిన్నారు. మాంసం లేని చావు భోజనం మా కొండల్లో అదే మొదటిసారి.

జనం వెళ్ళిపోయాక పెద్దమ్మ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్ని పోయినయ్ మొత్తం?"

"తొమ్మిది. లెఫా నీ దగ్గరికి వచ్చి వెళ్ళాక రెండు. ఆ రెంటికీ చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. రా, గుంత చూపిస్తాను."

"ఎందుకు? చెప్పావుగా."

ఆమె కర్ర కొసతో నేల మీద గీస్తోంది.

"నేనడగలేదురా వాణ్ణి," అంది. "వాడు గుమ్మంలో నిలబడి ఇన్ని పోయినయ్ పెద్దమ్మా అన్నాడు. సరే నాయనా అన్నాను. కూర్చోమన్నాను. టీ తాగాడు. తాగేసి, వెళ్ళబోతూ, కంబళి మడతలోంచి మూట తీసి నా ముందు పెట్టాడు. తీసుకొచ్చాడు కదా, చూడకపోతే బాగుండదని చూశాను."

నేను గుమ్మంలోంచి గోడకున్న లెఫా కంబళి వంక చూశాను.

"మా చెల్లెలి కొడుక్కి నేను చెప్పుకుంటాలే. మంద ఇక్కడే ఉంటుంది."

"సరే పెద్దమ్మా."

ఆమె కర్ర ఊని లేచింది. రేవు దాకా తోడొస్తానంటే వద్దంది. దొడ్డిలో గొర్రెలు పొద్దుట్నుంచీ మేతకి వదల్లేదని అరుస్తున్నాయి. వెళ్ళి తడిక తీశాను. అవి బయటికి వచ్చి, నన్ను దాటుకుని నాలుగడుగులు వేసి, అక్కడే ఆగి నిలబడ్డాయి. ఎటు పోవాలో ఎవరైనా ముందు నడిచి చూపిస్తారని చూస్తున్నాయి. గోడకి ఉన్న లెఫా కంబళి తీసి కప్పుకుని, ఏటవాలు వైపు నడిచాను.